తాతయ్య నిలబడ్డ చోటు

పూర్వీకుల్ని వెతికేవాళ్ళని నేను చాలా ఊళ్ళలో చూశాను. ఊరికే వెతికేవాడు ఎక్కడా తగల్లేదు. ఒకడికి వాటా కావాలి, ఒకడికి గోడకి తగిలించుకోవడానికి దర్జా అయిన ముత్తాత కావాలి. నేను అద్దెకున్న మేడలో పై వాటా లిఫ్టు మెకానిక్కుకి మాత్రం ఒక ఫోటో కింద ఒక పేరు కావాల్సి వచ్చింది. అదీ తన కోసం కాదు, వాళ్ళమ్మ కోసం.

మనిషి యాభై దాటాడు. నూనె మరకల బూడిదరంగు చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు. వారమంతా ఎవరెవరి లిఫ్టులు మధ్యలో ఆగిపోతే ఆ చీకటి గోతుల్లోకి దిగి, ఎక్కి, ఆదివారం వచ్చేసరికి మోకాళ్ళు పట్టుకుని కూర్చునేవాడు. ఆ ఆదివారాలే తాతయ్యని వెతకడానికి పోయాయి. "చచ్చినవాళ్ళు ఎక్కడికీ పారిపోరు కదండీ, ఓ వారం పడుకోకూడదా?" అంటే, "వాళ్ళు పారిపోరు మాస్టారూ, మా అమ్మ ఊరుకోదు" అనేవాడు. నేనేనాడూ బడిలో పాఠం చెప్పలేదు. పుస్తకాలున్న గది చూసి ఆయనే ఆ పేరు తగిలించాడు.

ఆవిడ గొడవ ఇది. తండ్రి నౌకాదళంలో పనిచేశాడు. ఏడాదికోసారి వచ్చి, నాలుగు రోజులు ఇల్లంతా నవ్వించి వెళ్ళిపోయేవాడు. ఆవిడ చిన్నపిల్లగా ఉండగానే ఓడ మీద జ్వరమొచ్చి పోయాడని, నడిసముద్రంలో నీళ్ళకిచ్చేశారని తోటి నావికుడొకడు వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. అంతే, కాయితమూ లేదు, కాయమూ లేదు. అత్తవారింట ఆవిడ ఏం మాట్లాడినా ఆడపడుచులు ఒకటే మాట: "మీ నాన్న ఓడలో పోయాడో, ఒడ్డున ఇంకెక్కడైనా కాపరం పెట్టాడో ఎవరు చూశారమ్మా." ఆడపడుచులందరూ దాటిపోయారు, మాట మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

రేవు పక్క పాత గిడ్డంగిలో నౌకాదళం మ్యూజియం పెట్టారు. అందులో ఒక గోడ పొడుగునా ఆ ఓడ సిబ్బంది అంతా వరసలుగా నిలబడ్డ ఒకే ఒక్క ఫోటో ఉంది. దాన్ని చూసుకునే పెద్దమనిషి నావికులు ఒక్కొక్కరి కింద పేరు రాయిస్తున్నాడు. కుటుంబాల వాళ్ళు గుర్తుపట్టి చెప్పాలి. ఒకే పేరుకి ఇద్దరు వస్తే వాళ్ళలో వాళ్ళు తేల్చుకునేదాకా ఆ చోటు ఖాళీ.

మెకానిక్కు ఆ ఫోటోని ఎడమ నుంచి ముక్కలు ముక్కలుగా పెద్దది చేయించి ఇంటికి తెచ్చాడు. తల్లి మొదటి ముక్కలోనే వేలు పెట్టింది. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు మొలవని గాటు. "ఇదుగో నాన్న" అంది. మిగతావి చూడమంటే, "దొరికాడుగా, ఇంకెవర్ని చూడాలి?" అని కళ్ళజోడు తీసేసింది. వెతికేవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. కావాల్సిన మొహం కనపడగానే ఆగిపోతాం. చరిత్ర గ్రంథాలు రాసిన మహానుభావులు కూడా చాలామంది అక్కడే ఆగారు, వాళ్ళ సంగతి మరెప్పుడైనా.

పేరు ఇవ్వబోతే పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. అదే పేరుకి ఇంకో కుటుంబం కుడి చివరి మనిషిని చూపించింది. ఓడ సిబ్బంది చిట్టాలో ఆ పేరు ఒక్కటే. ఫోన్ నంబరిచ్చి, "మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నాడు.

అవతల మాట్లాడింది సోఫాలకి గుడ్డ కుట్టే ఒకావిడ.

"మీరు పొరబడ్డారండీ. మా తాత కుడివైపున్నాడు."

"మా అమ్మ కన్నతండ్రిని గుర్తుపట్టలేదంటారా?"

"మా నాన్నా ఆయన కన్నకొడుకేనండీ. పోయేముందు ఆ మొహం చూపించి మరీ పోయాడు. ముసలావిడకి చత్వారమేమో, ముందు కళ్ళు చూపించండి."

నెలల తరబడి ఇదే. ఆయన ఫోను పెట్టేసి మెట్ల మీదే కూలబడేవాడు. ఆఖరికి ఒక ఆదివారం ఆ ముక్క సంచిలో పెట్టుకుని ఆవిడ కొట్టుకే వెళ్ళాడు. స్పాంజి తుక్కు, జిగురు వాసన. గుడ్డ కత్తిరించే బల్ల మీద ఆవిడ తన ముక్క పెట్టింది, ఈయన తనది పక్కన పెట్టాడు.

కనుబొమలో అదే గాటు. జేబు మూత పైకి మడత పడిపోయింది, ఇద్దరిదీ ఒక్కలాగే. కుడి చివరాయన నోరు కొంచెం తెరిచి ఉన్నాడు, పరిగెత్తి వచ్చి ఆగినవాడిలా.

ఇద్దరూ కలిసే మ్యూజియానికి వెళ్ళారు. పెద్దమనిషి రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "నాకు ముందే తట్టాల్సింది. ఇంత పొడుగు ఫోటో తీసే కెమెరా స్టాండు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లిగా తిరుగుతుంది. కొంటెవాడెవడైనా తన వంతు అవగానే వెనకనుంచి పరిగెత్తి అటు చివర నిలబడితే రెండుసార్లు పడతాడు. ఇద్దరు కాదండీ, ఒక్కడే."

రెండు ఇళ్ళవాళ్ళూ నిజమే చెప్పారన్నమాట. ఆ నిజం ఏమిటో ముందుగా సోఫాల ఆవిడకి అందింది. వేళ్ళు ముడిచి వరస లెక్కేసుకుంది.

"మీ అమ్మగారు నాకు మేనత్త. నీకన్నా పెద్దదాన్నేగా, వదిన్నవుతాను."



"ఫోన్లో అన్నవి వెనక్కి తీసుకోను. వదిన్ని కాబట్టి చెల్లుతాయి" అంది ఆవిడ.

రెండు చివర్లా ఒకే పేరు రాయించడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంట్లో చెప్పడమే మిగిలింది. అది ఆయన వల్ల కాలేదు. రోజూ చెబుదామని మెట్లెక్కేవాడు, "పేరు పెడుతున్నారమ్మా" అనేంతవరకు వచ్చి, కాళ్ళు కడుక్కుని పడుకునేవాడు. జీవితమంతా ఆ ఆడపడుచుల మాట అబద్ధమని నిలబడ్డ మనిషికి, అది నిజమేనని ఏ నోటితో చెబుతాడు?

చూపించే రోజున ఆవిడకి రెండో చెయ్యి పట్టుకోవడానికి నన్నూ రమ్మన్నాడు. మ్యూజియంలో ఫోటో ఎడమ చివర ముందుగానే కుర్చీ వేయించి పెట్టాడు. కూర్చోబెట్టి, చూపించి, అట్నుంచి అటే తీసుకుపోదామని ఆయన ఎత్తు. ముసలావిడ తండ్రి పేరు వేలితో తడిమింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి, "మిగతావాళ్ళనీ చూస్తాను. నాన్నతో కలిసి తిన్నవాళ్ళు కదా" అంది.

"ఎందుకమ్మా, అలిసిపోతావు."

"అలుపు నాది, నీకేం?"

ఒక్కో పేరూ చదువుకుంటూ నడిచింది. కొడుకు ఆవిడ మోచెయ్యి వదల్లేదు. కుడి చివర వదిన నిలబడి ఉంది. అత్తకి కనపడకుండా దూరంగా ఉంటానని మాటిచ్చి, ఉండలేక వచ్చేసింది. ముసలావిడ ఆఖరి పేరు చదివి, పైన మొహం చూసి, మళ్ళీ పేరు చదివింది.

కొడుకు కెమెరా సంగతి చెప్పాడు. ఆవిడ పెదవులు కదిలాయి. "పరిగెత్తాడా? చేస్తాడు. ఊరుకునే మనిషి కాదు." కుడి చివరి మొహం మీద వేలు పెట్టి అడిగింది. "ఇటువైపు చూసి గుర్తుపట్టిందెవరు?"

కొడుకు వదిన వైపు చూశాడు.

"ఈవిడెవర్రా?"

మెకానిక్కు గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. "నీ మేనకోడలమ్మా" అన్నాడు. ఇంకేమీ కలపలేదు, కలిపే ఓపిక ఆయనకి లేదు.

ముసలావిడ ఆ మొహాన్ని ఫోటోలో మొహం చూసినట్టే చూసింది. "మీ నాన్న పెద్దా, నేను పెద్దా?"

"మా నాన్నే, అత్తా."

ఆ ఒక్క మాటతో తన తల్లి ఏ స్థానంలో నిలబడిందో ఆవిడకి తెలిసిపోయింది. కొడుకు కుర్చీ లాక్కొచ్చాడు. పెద్దమనిషి మెల్లిగా దగ్గరికొచ్చి, "మీకు కష్టంగా ఉంటే ఈ చివర పేరు తీసేయిస్తానమ్మా" అన్నాడు.

"తీసేస్తే మాత్రం? ఆయన అక్కడ నిలబడ్డాడు కదా" అంది ఆవిడ. "ఉండనీండి."

వదిన వంగి, "నేను మీతో ఇంటికి రానా అత్తా?" అని అడిగింది.

"ఇవాళ కాదు. ఇవాళ నాకెవరితోనూ మాట్లాడే ఓపిక లేదు." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని అంది. "వచ్చే ఆదివారం రా. మీ నాన్న ఫోటో ఉంటే పట్టుకురా."