మా సరంగు ఆ రోజు తాగలేదు

మా రేవులో పడవ నడిపిన సరంగు మొన్న మంగళవారం తెల్లారగట్ల పోయారు. కబురు తెచ్చినతను "తాగుబోతు సరంగు పోయాడంటండి" అన్నాడు. అతను ఊరికి కొత్త. ఆ మాట టీవీలో చూసి నేర్చుకున్నాడు. అది విన్నాకే ఇది రాయాలని కూర్చున్నాను.

పట్టిసీమకి ఎగువన ఆ రేవులో నేను గుమస్తాని. బడి మొహం చూడలేదు, రోజూ చిట్టా రాసీ రాసీ అక్షరాలు పట్టుబడ్డాయి. సరంగు గారిని బాబాయ్ అనేవాణ్ణి. జనమంతా దిగేదాకా ఆయన చుట్ట వెలిగించేవారు కాదు. ఎవరైనా ఎక్కుతూ దండం పెడితే, "దిగాక పెట్టండమ్మా, ఇంకా నేనేం చేశానని?" అనేవారు. తాగి వచ్చినవాణ్ణి పడవ ఎక్కనిచ్చేవారు కాదు. "రేపు రా. గోదారెక్కడికీ పోదు."

హైదరాబాదులో పెద్ద నాయకుడొకాయన జీవితకథని ఈమధ్య ఆదివారం ఆదివారం టీవీలో వేశారు. ఎన్నికల ముందే ఇలాంటి జీవితాలు గుర్తొస్తాయి. ఆయన చిన్నప్పుడు రెండేళ్లు అవతలి ఒడ్డు నుంచి మా ఊరి బడికొచ్చాడు. అందుకని మాకూ ఒక ఆదివారం దక్కింది.

వరదట. నీళ్లు చూస్తే పచ్చగా, కదలకుండా ఉన్నాయి. వరదలో గోదావరి ఎర్రగా ఉంటుందని చెప్పేవాడే దొరకలేదు కాబోలు. సరంగు వేషగాడు సీసాతో సహా పడిపోయాడు. పన్నెండేళ్ల నాయకుడు పడవ నెట్టే గెడ అందుకుని ముప్పైమందిని ఒడ్డు చేర్చాడు. అంత వానలోనూ పాపిడి చెదరలేదు. ఒడ్డున ఆడవాళ్లు హారతి పళ్లేలతో సిద్ధంగా ఉన్నారు. ఆ వానకి కర్పూరం ఎలా వెలిగిందో వాళ్లకే తెలియాలి. చివర్లో అసలు నాయకుడే వచ్చి, ఆ సాహసమే తనని ఇంతవాణ్ణి చేసిందని కళ్లు తుడుచుకున్నాడు. తడి లేని కళ్లు తుడవడానికీ అలవాటుండాలి.

ఆ రోజు ఆ పడవలో నేనున్నాను. ఈ సాహసి అడుగుబల్లల మీద బోర్లా పడి, అమ్మా అని ఏడుస్తూ లాగు తడుపుకున్నాడు. బాబాయ్ ఒక చేత్తో చుక్కాని పట్టుకునే, రెండో చేత్తో తన తలగుడ్డ విప్పి వాడి మీద కప్పారు. ఒడ్డుకొచ్చాక మా అందరి దగ్గరా మాట తీసుకున్నారు: "బళ్లో పిల్లలు ఏడిపిస్తారు. ఎవరూ ఎక్కడా అనకండి."

ముప్పై అయిదేళ్లు ఎవరూ అనలేదు.

ఆ ఆదివారం తర్వాత రేవులో కుర్రాళ్లు మొదలెట్టారు. "ఏంటి తాతా, ఇవాళ ఎన్ని సీసాలు? గెడ మేం పట్టుకోమా?"

"పట్టుకో. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కి, అన్నం మీ అమ్మ కలిపి పెట్టాలి" అని ఆయన నవ్వేసేవారు.

నాకు నవ్వు రాలేదు. "బాబాయ్, జరిగింది పేపరుకి రాసేస్తానండి" అన్నాను.

"వద్దురా. పిల్లోడి భయం అది. అననని మాటిచ్చాం."

"పిల్లోడేంటండీ, యాభైకి దగ్గరపడ్డాడు!"

"నా పడవలో పిల్లోడే కదా."

ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు తేలిగ్గా వచ్చే పని. ఇప్పుడు మాట తప్పుతున్నాను. కాదనాలంటే ఆ నాయకుణ్ణి రమ్మనండి, ఆ పడవలోవాళ్లం ఇంకా ముగ్గురం ఉన్నాం. బాబాయ్ ఉంటే నన్నే తిట్టేవారు. అయినా, ఆ తర్వాతి వారం రేవులో చూసింది చూశాక దీన్ని ఇంక దాచలేను.

మా వైపు పురుడు పోసుకుని అత్తారింటికి వెళ్లే ఆడపిల్లలు పడవెక్కే ముందు పసిబిడ్డని సరంగు చేతికిస్తారు. బిడ్డతో ఆయన పడవలో అడుగుపెట్టాకే తల్లి ఎక్కుతుంది. ఆ రోజు వచ్చిన అమ్మాయి కూడా ఒకప్పుడు అలా ఆయన చేతుల్లో గోదారి దాటిందే. బాబాయ్ ఒడ్డు మీదకొచ్చి చేతులు చాచారు. ఆ పిల్ల బిడ్డని గుండెకి హత్తుకుని, ఆయన మొహం చూడకుండా, "వద్దులెండి, మా ఆయన ఎత్తుకుంటారు" అంది.

ఆ మర్నాటి నుంచి ఆయన రేవుకి రాలేదు.  ఆ రోజు మాత్రం చాచిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత వాటికేదో పని ఉన్నట్టు వంగి, అప్పటికే విప్పేసిన పడవ తాడుని మళ్లీ గుంజకి కట్టి, నెమ్మదిగా విప్పడం మొదలుపెట్టారు.