గోడ మీద నీటి గీత

ఫ్లోరెన్స్‌లో మేము దిగాలనుకున్న హోటల్ గుమ్మం పక్కన, గోడకు నా తలకంటే మూరెడు ఎత్తున, ఒక చిన్న పాలరాతి పలక ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత. ఎప్పుడో ఇక్కడి నది పొంగినప్పుడు నీళ్లు అంతదాకా వచ్చాయని గుర్తుగా పెట్టుకున్నారట. అప్పుడే వాన వెలిసింది, తెరిచిన తలుపులోంచి తడిసిన సున్నం వాసన వస్తోంది. పక్కన పెట్టె పట్టుకుని నిలబడ్డ మా చెల్లెలు సునంద నెల రోజులు ఫోన్‌లో వెతికి ఈ హోటల్‌ను పట్టింది. కింది అంతస్తు గది, వెనక చిన్న తోట, దిగినవాళ్లందరి మెప్పులు. "ఇంకా ఏం చూస్తున్నవక్కా, లోపలికి నడువు" అంది. నేను ఆ గీత దగ్గరే ఆగాను. ఇంత మంచి గది ఇంకా ఎందుకు ఖాళీగా ఉంది? ఊరంతా గోడలు పెచ్చులూడి ఉంటే, దీనికి మాత్రం కొత్త రంగు ఎందుకు వేశారు?

ఈ అనుమానం నాకు మా నానమ్మ నుంచి వచ్చింది.

మాది దమ్మపేట దగ్గర పల్లె. వానాకాలం వస్తే పెంకుల సందుల్లోంచి కారే నీళ్లకు ఇంటినిండా గిన్నెలు పరిచి, ఆ టపటపల మధ్య నానమ్మా నేనూ గచ్చకాయలాడేవాళ్లం. ఆటలో కూడా నా గుప్పిట విప్పించి చూస్తేగాని ఆమెకు నమ్మకం కుదిరేది కాదు. తొలి ఏకాదశికి పొరుగింటివాళ్లు పంపిన పేలపిండి ముద్దను విరిచి, వాసన చూసి, కొంచెం నాలుక మీద వేసుకున్నాకే మాకు పెట్టేది. అడవి పల్లెల ఆడవాళ్లు ఎండిన ఇప్పపువ్వు తెస్తే, గంప అడుగుదాకా చెయ్యి పెట్టి దేవేది. ఎవరైనా నవ్వుతూ తియ్యగా మాట్లాడారంటే ఆమె ముఖం ఇంకా ముడుచుకుపోయేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, శ్రావణమాసంలో, అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొస్తే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ బిడ్డే సునంద. ఇద్దరూ అక్కడే చాలా రోజులు ఉండాలన్నారు. అన్నం వండి పంపడానికీ, మేము తల దాచుకోవడానికీ ఒక గది కిరాయికి కావలసి వచ్చింది.

దవాఖానాకు నాలుగడుగుల దూరంలో, గోదావరి వైపు దిగే వీధిలో, నాన్న ఒక గది చూశాడు. మల్లెపువ్వులా తెల్లటి గోడలు, నవారు మంచం, గాలి ధారాళంగా వచ్చే కిటికీ. ఇంటాయన ఎదురొచ్చి మా మూట అందుకోబోయాడు. నానమ్మ మూట వదల్లేదు. మంచం వైపు చూడనైనా చూడకుండా గోడ దగ్గరికి పోయి, ముక్కు ఆనించి వాసన చూసి, బొటనవేలి గోరుతో సున్నం గీకింది. తెలుపు కింద నుంచి మట్టిరంగు చార ఒకటి బయటపడింది.

"గిదేంది?" అంది.

"చెమ్మమ్మా. వానకాలం గద" అన్నాడాయన నవ్వుతూ.

"చెమ్మ గిట్ల తాడు పట్టి గీసినట్టు ఉంటదా? ఏడిదాక వచ్చినయి నీళ్లు?"

"ఎప్పటి మాటో అది. ఇప్పుడు ఈ వీధికి నీళ్లు రావు."

ఆ మాటతో నానమ్మ గిరుక్కున తిరిగి వాన్లోకి నడిచింది. "అమ్మా, దవాఖానా పక్కనే ఉన్నది, ఇంకేం కావాలె నీకు?" అని నాన్న సిగ్గుతోనూ కోపంతోనూ వెనకే పరిగెత్తాడు. ఆ పూటంతా ఆమె అలా ఇల్లు తరవాత ఇల్లు గోరుతో గీకుతూనే ఉంది.

చివరికి ఊరి పైవైపు మిట్ట మీద, విస్తరాకులు కుట్టి అమ్మే లచ్చమ్మ అనే ఆమె ఇంట్లో దిగాం. అడవి పల్లె నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మనిషి. తడికె గోడలు, తాటాకు కప్పు, ఇంటినిండా టేకాకుల వాసన. దవాఖానాకు పోవాలంటే బురదలో చాలా దూరం. అక్కడా నానమ్మకు నిమ్మళం లేదు.

"తలుపుకు గడియ ఏది?" అని నిలదీసింది.

"గడియెందుకమ్మా? నా ఇంట్ల ఏమున్నదని ఎవలొస్తరు?" అంటూ లచ్చమ్మ పొయ్యి మీంచి వెదురు చిగుళ్ల కూర దించి నా ముందు పెట్టింది. నానమ్మ ముందు తను తిని చూసి, అప్పుడు నన్ను తిననిచ్చింది.

నాలుగో రోజుకు గోదావరి ఎర్రగా ఉబ్బింది. మిట్ట మీంచి చూస్తే చెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోతున్నాయి. కింది వీధులు ఖాళీ చేయమని మైకులో చెప్పారు. నీళ్లు ఆ తెల్లగోడల వీధి మొగదాకా వచ్చి, అక్కడే ఆగి, మర్నాటికి వెనక్కి తగ్గాయి. నాన్న వెళ్లి చూసొచ్చి, "ఆ ఇంటి గడప గూడ తడవలే. నీ అనుమానంతోటి మా అందరినీ బురదల తిప్పినవు" అని పెద్దగా నవ్వాడు.

నానమ్మ నవ్వలేదు. ఆకులు కుట్టే ఈనెపుల్ల ఒకటి చేతిలోకి తీసుకుని విరుస్తూ కూర్చుంది.

"దర్శనానికొచ్చి నేనూ మీ నాయనా ఆ వీధిలనే దిగినం. నువ్వు పుట్టకముందు. నీళ్లు రావమ్మా అన్నడు ఆ ఇంటాయన గూడ. నవ్వుకుంటనే అన్నడు. నమ్మిన. నడుముల్దాక నీళ్లల్ల పిల్లను ఎత్తుకొని వస్తున్న..."

నాన్న ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "అక్క జ్వరమొచ్చి పోయిందన్నరు గదనే అమ్మా?"

"ఇంకేం చెప్పాల్నురా? నా చేతులకెల్లి జారిపోయిందని చెప్పాల్నా?"

లచ్చమ్మ కుడుతున్న విస్తరి పక్కన పెట్టి వచ్చి నానమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని నానమ్మ తోసెయ్యలేదు. మా అమ్మనూ పసిపిల్లనూ ఆ ఇంటికి తెచ్చిన రోజు, వాళ్లకంటే ముందు నాన్న లోపలికి వెళ్లి, కప్పు వాసాలూ గుంజలూ ఒక్కొక్కటే ఊపి చూశాడు. ఆ తరవాత ఏ ఊరు పోయినా గోడల కేసి చూడకుండా నాన్న మంచం మీద కూర్చోవడం నేను చూడలేదు.

ఈ కథంతా సునందకు ఫ్లోరెన్స్ సందులో, పెట్టెలు కాళ్ల దగ్గర పెట్టుకుని, మొదటిసారి చెప్పాను. తను పుట్టిన రోజుల సంగతే తనకు తెలియదు. విన్నాక లోపలికి వెళ్లి, పై అంతస్తులో గది ఉందా అని అడిగింది. తోట కనబడదని హోటల్ కుర్రాడు నచ్చచెప్పబోయినా వినలేదు. మెట్లు ఎక్కి ఎక్కి ఆయాసపడుతూ గది చేరాం.

భద్రాచలంలో ఆ తెల్లగోడల వీధిలో ఇప్పుడు ఏసీ లాడ్జీలు లేచాయి. నిలువెత్తు టైల్స్ అంటించారు, గీకితే గోరు విరుగుతుంది. లచ్చమ్మ ఇల్లున్న చోట సిమెంటు దుకాణం. నానమ్మ పోయింది, ఆ తరవాత నాన్నా, అమ్మా.

సునంద కిటికీ తెరిచి నది వైపు చూసింది.

"అక్కా, ఆ పిల్ల పేరేంది?"

ఆ రోజు మేమెవరమూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పగలిగేవాళ్లు ఎవరూ మిగల్లేదు.