ఏ కార్డు, మామా?

2023లో, తమిళ లెక్కన ఆడి నెల పోయి ఆవణి వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. తిరుత్తణి బస్టాండు వెనక వీధిలో నాకు కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. ఆడిలో మా వైపు ఎవరూ కొత్త పనులు పెట్టుకోరు కాబట్టి ఆవణి రాగానే నాకు ఊపిరాడదు. ఆ సందట్లోనే నేతపని చేసే మునిరత్నం మామ, ఆయన తమ్ముడు శేఖర్ వచ్చారు. మామ నాకు చుట్టమేమీ కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలవడం అలవాటు.

అన్నదమ్ములు వేరు పడుతున్నారు. తగువేమీ లేదు. శేఖర్ తిరువళ్ళూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, కాపురం అక్కడికే మార్చుకుంటున్నాడు. ఇంట్లో కంప్యూటర్లు రెండు. పెద్దదాని మీద పొద్దున పూట మామ భార్య సరళత్త చీర అంచులకు డిజైన్లు గీసేది, సాయంత్రాలు శేఖర్ కూర్చునేవాడు. రెండోది అటక మీద ఊరికే పడి ఉండేది. చక్కెర జబ్బుతో అత్తకు చూపు బాగా తగ్గి, ఆ ఏడాదే గీయడం మానేసింది. ఆమె గీసిన అంచులు నేయడంతోనే ఆ ఇల్లు నడుస్తోంది.

శేఖర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలి. తెర మీద కనబడే బొమ్మను తయారుచేసి పంపే పలక అది. బొమ్మను తయారుచేస్తుందే కానీ దాచిపెట్టదు. దాచేది హార్డ్ డిస్క్. నేను రెండు కార్డులు చూపించాను. ఒకటి ఆటలాడేవాళ్ళకు బాగుంటుంది. రెండోదానికి మెమరీ ఎక్కువ, పొడుగాటి వీడియోలకు అదే మేలు. శేఖర్ రెండూ చేతిలో పట్టుకుని చాలాసేపు ఊగిసలాడి, చివరికి రెండోది తీసుకున్నాడు.

"కార్డు బాగుంటేనే బొమ్మ బాగా పడతాదన్నా," అన్నాడు.

"అది నాకే చెప్తావేరా? పుట్టినకాడ్నుంచి కార్డును నమ్ముకోనే గదా నేను బతికేది," అని మామ నవ్వాడు. నేనూ నవ్వాను, ఆయన ఏమన్నాడో పట్టించుకోకుండానే.

పంపకానికి నన్ను ఇంటికి పిలిచారు. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ఏరుకోవాలి. అది వాళ్ళ ఇంటి పద్ధతి. మామ పెద్ద కంప్యూటర్‌ను, కొత్త కార్డును ఒక భాగంగా పెట్టాడు. పెద్దదానిలోంచి తీసిన పాత కార్డును అటక మీది కంప్యూటర్‌కు బిగించమని నాతో చెప్పి, అది రెండో భాగమన్నాడు. అంత వాసి తేడాతో భాగాలు పెట్టిన అన్నను చూసి శేఖర్ మొహమాటపడ్డాడు కూడా.

"ఏమన్నా ఇది, నాకే మంచిది పెట్టినావే?"

"సుమ్మా, ఊరికే ఎత్తుకోరా. నాకు కావాల్సింది నాకొచ్చింది."

బయలుదేరే ముందు నేను అడిగాను. "అత్త డిజైన్లు ఎత్తి పెట్టుకున్నారా మామా?"

"ఓ! కార్డు నా దగ్గరే ఉండాదే," అన్నాడు ధీమాగా.

మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నారనుకున్నాను. శేఖర్ కూడా అదే అనుకున్నాడు.

దీపావళికి చీరలు అడిగేవాళ్ళు మొదలయ్యాక మామ అంగడికి వచ్చాడు. పసుపు గుడ్డలో చుట్టిన పొట్లం బల్ల మీద పెట్టి విప్పాడు. పాత గ్రాఫిక్స్ కార్డు!

"ఇది సరిగా కూర్చోలేదేమో చూడప్పా. ఎంత ఎతికినా మీ అత్త అంచులు యాడా కనపడలా."

నాకు అప్పుడు తట్టింది మామ మగ్గం. జకార్డు మగ్గానికి పైన బెజ్జాలు కొట్టిన అట్టల దండ వేలాడుతుంది. గీసిన అంచును చూసే ఆ బెజ్జాలు కొడతారు. ఏ పోగు లేవాలో అవే చెబుతాయి, డిజైనంతా వాటిలోనే ఉంటుంది. నేతవాళ్ళు వాటినీ కార్డులే అంటారు. మామ దృష్టిలో కార్డంటే బొమ్మ ఉండే చోటు. మరి కంప్యూటర్‌లో బొమ్మను తెర మీద వేసే కార్డులో బొమ్మ ఉండకపోవడమేమిటి?

శేఖర్‌కు ఫోన్ చేశాను. డిస్క్ ఫార్మాట్ చేసి, దాని నిండా పెళ్ళిళ్ళు ఎక్కించాడట. "అన్న కార్డు తన దగ్గరే ఉండాదనె గదా," అని ఒకటే ఏడుపు. డిస్క్ తెప్పించి నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. చెరిపేసిన చోట ఇంకేదీ రాయకపోతే కొంతైనా దక్కేది. పెళ్ళిళ్ళ కింద అత్త అంచులు అణిగిపోయాయి.

అట్టలైనా మిగిలాయేమోనని ఇంటికి వెళ్ళాను. "అన్నీ కంప్యూటర్లో ఉండాయి గదా అని పాతవన్నీ పాత సామాన్లు కొనేవోనికి ఏసేస్తిమి," అంది సరళత్త. మగ్గం మీద ఆ రోజు వేలాడుతున్న రుద్రాక్ష అంచు ఒక్కటే మిగిలింది. అత్త ఆ అట్టలను ఒక్కొక్కటిగా ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో తడుముతూ, బెజ్జం ఉన్నచోటు, లేనిచోటు చెబుతుంటే నేను కంప్యూటర్‌లో గడులు నింపుతూ పోయాను. మామ గుమ్మంలో కూర్చుని తల ఎత్తలేదు.

"మీ తమ్మున్ని ఒక మాట అనొద్దు. వాడికేం తెలుసు," అంది అత్త ఆయనతో. ఆయన అననే లేదు. అయినా శేఖర్ ఆ ఇంటి గడప తొక్కడానికి మొహం చెల్లక చాలాకాలం రాలేదు. ఆ అన్నదమ్ముల మధ్య ఏర్పడిన ఎడం తలచుకుంటే నాకు ఇప్పటికీ దిగులే.

అప్పటి నుంచి నా అంగడిలో ఏ మిషన్ విప్పినా, పోగొట్టుకోకూడనిది ఏదో, అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటాను. పేరు చెబితే ఒప్పుకోను. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

రుద్రాక్ష అంచు పూర్తయ్యాక అత్త అడిగింది. "ఈసారి యాడ పెట్టినావు నాయనా?"

ఆమె చెయ్యి పట్టుకుని హార్డ్ డిస్క్ మీద పెట్టాను. అత్త దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి తడిమింది, తిప్పి మళ్ళీ తడిమింది.

"దీనికి బెజ్జాలే లేవే," అంది.