పాస్టరు గారి గంట, మాణిక్యమ్మ రైలు

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గరి సందులో, ఖలీల్ భాయ్ పంక్చర్ దుకాణానికి గోడ కలిపి ఒక చిన్న మందిరం ఉంది. రేకుల కప్పు. వాన పడితే పాస్టరు డానియేలు ప్రసంగం ఎవరికీ వినబడదు. వాన లేని ఆదివారాల్లో కూడా కొందరికి వినబడదు, నిద్రపోతారు కాబట్టి. అందరికంటే గాఢంగా నిద్రపోయేవాడు సంఘపెద్ద ఎల్లప్ప. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పట్టాల పక్కన కునుకు తీయడం నేర్చినవాడిని మైకు ఏం చేస్తుంది?

సాక్ష్యాల వేళకు మాత్రం ఎల్లప్ప కళ్లు వాటంతటవే తెరుచుకునేవి. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ లేచి చెప్పే సమయం అది. అప్పుడు మాణిక్యమ్మ లేచేది.

మాణిక్యమ్మ మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. అక్కడ ఆమె "పాలకూరా" అని గొంతెత్తితే సైదాబాద్‌లో ఆడవాళ్లు సంచులు వెతుక్కుంటారని చెప్పుకుంటారు. ఇంత గొంతుకూ ఆమె దగ్గరున్నది ఒకటే సాక్ష్యం. కూతురు బేబీ చంటిపిల్లగా ఉన్నప్పుడు జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే, ఎత్తుకుని పెద్దాసుపత్రికి పోదామని స్టేషనుకు ఉరికింది. రైలు కదలబోతోంది. ఆమె ప్రార్థన చేసింది. రైలు ఆగింది. పిల్ల బతికింది.

డానియేలు ఈ సంఘానికి వచ్చిన కొత్తలో విన్నది ఇంతే. తర్వాత ఆ రైలు పెరగసాగింది. ఒక క్రిస్మస్‌కు డ్రైవరు ఎంత బతిమాలినా కదలనంది. మరో ఏడాదికి చక్రాలు పట్టాలకు అతుక్కుపోయాయి. మొన్నటి ఈస్టరుకల్లా, బార్కస్‌లో ఎప్పుడో చూసిన ఒంటెలాగా ముందు పెట్టె మోకాళ్ల మీద కూర్చుని "ఎక్కు బిడ్డా" అన్నట్టు తల వంచింది. రైలుకు మోకాళ్లుండవని ఆ సంఘంలో అందరికంటే బాగా తెలిసిన ఎల్లప్పే అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవాడు.

లొల్లి బేబీ దగ్గర మొదలైంది. చంటిపిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, మందిరంలో కీబోర్డు వాయిస్తుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అయ్యగారూ, మా అమ్మను జెర ఆపుండ్రి. నా ఫ్రెండ్స్ వస్తున్నరు ఈడికి. ఒంటె రైలు బిడ్డ అంటున్నరు నన్ను. ఇజ్జత్ పోతున్నది."

"అమ్మకు నువ్వు చెప్పలేదా?"

"నేను చెప్తే వింటదా? మీరంటే వింటది."

సరిగ్గా ఆ వారమే డానియేలు సంఘ నాయకత్వం మీద జరిగిన ఒక సదస్సుకు వెళ్లొచ్చాడు. అక్కడ కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి సమయపాలన గురించి భోజనాల వేళ దాటిపోయేదాకా మాట్లాడి, చివర్లో అందరికీ తలా ఒక గంట బహుమతిగా ఇచ్చాడు. బల్ల మీద పెట్టి నెత్తిన తడితే టింగుమనే గంట. డానియేలుకు మనిషి ఎదుట కూర్చుని కష్టమైన మాట చెప్పడమంటే మొదటి నుంచీ గుండె దడ. ఆ పని గంటే చేసిపెడుతుందంటే ఇంకేం కావాలి!

ఇంట్లో గంటను చూసి భార్య రాజమణి, "ఇదేంది? హోటల్ పెడ్తున్నవా?" అంది.

"క్రమశిక్షణకు. ఇగ సాక్ష్యం ఎవరు చెప్పినా మూడు నిమిషాలే."

"ఎవరైనానా, మాణిక్యమ్మనా? పొయ్యి ఆమెతోని ఒక మాట మాట్లాడితే అయిపాయె గద."

"ఒక్కలకే చెప్తే బాధపడ్తరు. అందరికీ రూల్ పెడితే ఎవ్వరికీ బాధుండదు."

"అట్లనా," అంది రాజమణి పప్పు గిన్నె దించుతూ. ఆమె "అట్లనా" అన్న ప్రతిసారీ ఆగి ఆలోచించి ఉంటే డానియేలు ఈపాటికి బిషప్ అయ్యేవాడు.

ఆదివారం వచ్చింది. డానియేలు రూలు చదివి గంటను తాను ప్రసంగం చెప్పే పుల్పిట్ బల్ల మీద పెట్టాడు. మాణిక్యమ్మ ఎప్పటిలాగే లేచింది. పిల్లకు జ్వరం వచ్చింది, ఆటో దొరకలేదు, చెప్పు తెగింది, ప్లాట్‌ఫారం చేరింది. "రైలు కదులుతున్నది. నేను చెయ్యెత్తి, ప్రభువా అని ఒక్క కేక..."

టింగ్.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. మాణిక్యమ్మ గంటను చూసింది. పాస్టరును చూసింది. తర్వాత కీబోర్డు వైపు చూసింది. అక్కడ బేబీ తల వంచుకుని లేని దుమ్ము తుడుస్తోంది. మాణిక్యమ్మ చెయ్యి దించి, కొంగు సర్దుకుని, "స్తోత్రం" అని కూర్చుంది.

ఆ రోజు ఆరాధన ఎన్నడూ లేనంత తొందరగా ముగిసింది. చెప్పులు వెతుక్కుంటూ ఎల్లప్ప అడిగాడు: "మరి రైలాగిందా లేదా అయ్యగారూ?"

మరుసటి ఆదివారం మాణిక్యమ్మ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. సాక్ష్యాలు చెప్పమంటే అందరూ గంట వంక చూశారు తప్ప ఎవరూ లేవలేదు. నెమ్మదిగా ఉంటుందనుకున్న మందిరం పరీక్ష హాలులా తయారైంది. డానియేలు తాళం వేస్తుంటే, ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్న ఖలీల్ భాయ్ తలెత్తాడు.

"క్యా పాస్టర్ సాబ్, రైలు బందైందా? ఐతారం పొద్దుగాల నేను షటర్ తీసేదే గది వినెతందుకు."

"ఏం లేదు భాయ్, టైమ్ కొంచెం సెట్ చేసినం."

"టైమ్ సరే సాబ్. మధ్యల ఆపిండ్రు గద. పిల్ల ఇంకా ప్లాట్‌ఫారం మీదనే ఉన్నది. బుఖార్‌తోని."

ఖలీల్ భాయ్ మళ్లీ బుడగలు చూడసాగాడు. డానియేలుకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు. ఎటు చూసినా ప్లాట్‌ఫారం మీద తల్లీ పిల్లా నిలబడి ఉన్నారు. వాళ్లను అక్కడ నిలబెట్టింది తనే.

సాయంత్రం మాణిక్యమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె పొయ్యి దగ్గర కుక్కరుకు మూత పెడుతోంది. గుమ్మంలో బేబీ పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"వందనాలయ్యగారూ, కూసోండ్రి. పప్పు వెట్టిన. మూడు విజిల్లు వచ్చేదాంక మీ టైమ్. చెప్పుండ్రి."

డానియేలు గొంతు సవరించుకున్నాడు. ముందు ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత సంఘంలో క్రమం ఎంత అవసరమో చెప్పాడు. ఒక విజిల్. యువకుల మనసుల గురించి చెప్పాడు. రెండో విజిల్. సదస్సులో పెద్దమనిషి చెప్పిన సంగతులు కొన్ని చెప్పి, "ఇంతకూ నేను వచ్చిందేందంటే అక్కా..." అంటూ చెయ్యెత్తాడు.

కుక్కరు కూసింది. మాణిక్యమ్మ పొయ్యి కట్టేసి, "వందనాలయ్యగారూ" అని గుమ్మం దాకా సాగనంపింది.

సందులోకి వచ్చి చూసుకుంటే చెయ్యి ఇంకా సగం ఎత్తే ఉంది. ఆ చెయ్యిని ఎక్కడ చూశాడో అతనికి వెంటనే గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే రాజమణి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "తప్పు నాది అన్న మాట ఏ విజిల్ కాడ చెప్దామనుకున్నవ్?"



మర్నాడు మాణిక్యమ్మ కుక్కరు మూత పెట్టేలోపే గుమ్మంలో నిలబడి అనేశాడు.

"తప్పు నాది మాణిక్యక్కా. నీతోని మాట్లాడే ధైర్యం లేక గంటను అడ్డం పెట్టుకున్న. నీ సాక్ష్యం మధ్యల తెంపిన. మాఫ్ చెయ్యి."

ఇంకేమీ అనలేదు. ఆపమని ఎవరు అడిగారన్నది అసలే అనలేదు. గుమ్మం పక్క నుంచి బేబీ గొంతు వినిపించింది, సన్నగా.

"అయ్యగారు కాదమ్మా. ఆపుమన్నది నేను."

"నాకెర్కే," అంది మాణిక్యమ్మ. "గంట కొట్టంగనే నీ దిక్కే చూసిన గద."

మూత ఆమె చేతిలోనే ఉంది. పప్పు దానంతటదే ఉడుకుతోంది. డానియేలు చాప మీద కూర్చున్నాడు. ఈసారి మాట్లాడాలనిపించలేదు, అడగాలనిపించింది.

"అక్కా, ఆ పొద్దు రైలు ఎట్ల ఆగింది?"

మాణిక్యమ్మ మూత అంచును కొంగుతో తుడిచింది. "ఏముందయ్యగారూ... గార్డు నన్ను చూసిండు. చేతిల జెండ ఊపకుంట నిలవడ్డడు, నేను ఎక్కేదాంక. గంతే. ఆయన పేరు సుత తెల్వదు."

"మరి ఒంటె?"

ఆమె నవ్వబోయి ఆగింది. "భుజం మీద ఇది మూలుగుడు గూడ బంద్ చేసింది. గప్పుడు రైలు పోతే ఇది పోయినట్టే. గా రైలు ఆగినప్పుడు నా పానం ఎట్ల లేచొచ్చిందో నాకు చెప్పరాదు. ఉత్తగ గార్డు ఆగిండంటే ఎవరికి సమజైతది? గందుకే ఏడాదికింత పెద్దగ చేసి చెప్తున్న. ఇంకా సరిపోతలేదు."

బేబీ పుస్తకం మూసి లోపలికి వచ్చింది. తల్లి పక్కన కూర్చుని, ఆమె చేతిలోంచి మూత తీసుకుంది. డానియేలు లేచి చప్పుడు చేయకుండా బయటికి వచ్చాడు.

ఆదివారం పుల్పిట్ మీద గంట లేదు. దాన్ని రాజమణి వంటింట్లో పెట్టుకుంది, భర్తను భోజనానికి పిలవడానికి. మాణిక్యమ్మ వచ్చి తన చోట కూర్చుంది. సాక్ష్యాల వేళ లేచి నిలబడింది.

"బిడ్డకు జ్వరమొచ్చింది. రైలు ఆగింది. బిడ్డ బతికింది. స్తోత్రం."

కూర్చుంది. ఎల్లప్ప ఇంకా ఒక కన్నే తెరిచాడు. గోడ అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది. డానియేలుకు ఏదో ఒకటి చెప్పి ఆ నిశ్శబ్దాన్ని పూడ్చాలనిపించింది. నోరు తెరిచి, మూసుకుని, ఆగాడు.

కీబోర్డు దగ్గరి మైకులోంచి బేబీ గొంతు వచ్చింది. "అమ్మా, ఒంటెను ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

మందిరమంతా నవ్వింది. మాణిక్యమ్మ నవ్వలేదు. కూతురి ముఖంలోకి చూసింది. "నీకు ఇజ్జత్ పోతది గద?"

"పోనియ్యి. మొదటికెళ్లి చెప్పు, నేను వాయిస్త." బేబీ వేళ్లు కీబోర్డు మీద దడదడమని రైలు చప్పుడు అందుకున్నాయి.

మాణిక్యమ్మ లేచింది. ఆ రోజు చెప్పు తెగడమే ఒక ప్రసంగమంత సేపు నడిచింది. రైలు మోకాళ్ల మీద కూర్చుంది, తోక ఊపింది. ఎన్నడూ లేనిది, ఆ రైల్లో ఒక గార్డు కూడా కనిపించాడు. తాడిచెట్టంత మనిషి. అతను జెండా దించితే ఫలక్‌నుమా గుట్ట మీద సూర్యుడు కూడా అడుగు ముందుకు వేయలేదు. ఎల్లప్ప ఆమెన్ అనబోయి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. గోడ అవతల నుంచి "మాషా అల్లా!" అని వినబడింది.

డానియేలు తన ప్రసంగం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు వాన లేదు. అయినా ఆయన ప్రసంగం ఎవరూ వినలేదు.