పెన్సిలుతో రాసుకున్న నెల

పిల్లల ఆసుపత్రిలో నేను గుమాస్తాను. డాక్టర్లు కావాలనుకున్నవాళ్లలో కొందరు డాక్టర్లవుతారు, మిగిలినవాళ్లలో నాలాంటివాళ్లు వాళ్ల డ్యూటీ చార్టులు గీస్తారు. ఆఫీసు బీరువాలో మూలుగుతున్న పాత వైద్య పుస్తకాలన్నీ చదివేశాను. ఎవరూ చదవమనలేదు.

శిక్షణలో ఉన్న డాక్టర్లకు ఏడాదిలో ఒక నెల తాము కోరిన విభాగంలో పనిచేసే వీలుంది. ఎలక్టివ్ అంటారు. మా ఆయమ్మకు నోరు తిరగక "ఇష్టం నెల" అంటుంది. గోడమీది చార్టులో ఎవరి నెల వాళ్లు పెన్సిలుతో రాసుకోవాలి. డిసెంబరు ఇరవయ్యో తేదీన నేను సిరాతో దిద్దుతాను. ఆ తర్వాత అది బ్రహ్మరాతే.

మేం పెన్సిలమ్మ అని పిలుచుకునే ఆవిడ శిక్షణలో రెండో ఏడు డాక్టరు. జేబులోని చిన్న పుస్తకంలో పిల్లల బరువులన్నీ పెన్సిలుతోనే రాసుకునేది. "రోజూ మారే బరువుకి సిరా ఎందుకు?" అనేది. ఆ రాత ఊదితే ఎగిరిపోయేలా ఉండేది. చార్టులో మార్చి నెల గుండె విభాగం గడిలోనూ తన పేరు అలాగే రాసింది.

ఆయమ్మ ఊరుకోలేదు. "అందరూ చర్మం అంటుంటే నువ్వు గుండె పట్టుకున్నావేంటమ్మా? చర్మమైతే మధ్యాహ్నానికి ఇంటికెళ్లి కునుకు తీయొచ్చుగా!"

"నా చెవికి చదువు రాలేదు ఆయమ్మా. పోయినేడు ఒక పసివాడి గుండె విని బాగుందని రాశాను. సాయంత్రం పెద్ద డాక్టరుగారు విని తేడా పట్టుకున్నారు. బిడ్డ బతికాడు. నా చెవిమీద నాకే నమ్మకం పోయింది."

ఆ పెద్దాయనే గుండె విభాగం చూసేవాడు, నెలకు ఒక్కరికే నేర్పేవాడు. మార్చితో రిటైరవుతున్నాడు. మిగతా నెలలు అప్పటికే నిండిపోయాయి.

పద్దెనిమిదో తేదీన వరండాలో జ్వరంతో ఉన్న పాపను చూసి, నేను చదివిన జబ్బు పేరొకటి గట్టిగా చెప్పాను. పెన్సిలమ్మ మెల్లగానే అంది, "తమ్ముడూ, ఆ పుస్తకం వయసులో మనిద్దరికంటే పెద్దది. ఇప్పుడలా అనుకోవట్లేదు."

పక్కనున్న పొడుగు డాక్టరు మాత్రం పగలబడి నవ్వాడు. "డాక్టరుగారూ, తమరి ఫీజెంత?"

రెండు రోజులు అన్నం సయించలేదు. ఇరవయ్యో తేదీన సిరా కలం పట్టుకుని చార్టు ముందు నిలబడ్డాను. మార్చి గడిలో ఆమె పేరు కింద పొడుగాయన "వీలుంటే" అని రాసి తన పేరు పెట్టాడు. వీలు చేశాను. ఆమె పేరు చర్మవిభాగంలో మిగిలిన గడిలో సిరాతో రాశాను. నవ్వినవాడికి నెల ఇచ్చి, నవ్వని మనిషిమీద కసి తీర్చుకున్నాను. అంత చదివిన బుద్ధి ఇదీ.

మర్నాడు ఆమె చార్టు చూసింది. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చింది.

"నీ కంటికి ఆనేలా రాయాల్సింది తమ్ముడూ. తప్పు నాదేలే."

నేను ఫైలులో తల దూర్చాను. ఆమె పెద్దాయన గదికి వెళ్లి, సరిగ్గా రాసుకోలేదని క్షమాపణ చెప్పడం తలుపు సందులోంచి వినిపించింది. "ఇంత మతిమరుపైతే పిల్లలనేం చూస్తావమ్మా?" అన్నాడాయన. నేను లేచి తలుపు తోయాల్సింది; ఇంకో ఫైలు తెరిచాను.

పెద్దాయన వీడ్కోలు సభ అయ్యాక, ఖాళీ కుర్చీలు పేరుస్తూ ఆమెతో అన్నాను, "ఆ రోజు మీ పేరు కనపడింది డాక్టరుగారూ."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడెందుకు చెప్పావు? ఆ రోజే చెప్పుంటే ఆయన కాళ్లావేళ్లా పడైనా మార్పించుకునేదాన్ని. ఇప్పుడు నీ బరువు దించుకోవడానికే కదా?"

అవును, అందుకే. ఇంకో కుర్చీ ఎత్తి దొంతరమీద పెట్టాను.

ఈ ఏడు కొత్త చార్టు పెట్టాను. ఆమె తన నెల పెన్సిలుతోనే రాసింది, కాగితం అవతలివైపుకి అచ్చుపడేంత నొక్కి. రేపు ఇరవయ్యో తేదీ. ఈసారి చార్టు నాచేత దిద్దించొద్దని ఆమె ఎవరికీ చెప్పలేదు.