అతుకుల మావయ్య రుద్దిన పెంకు

ఆ మ్యూజియంలో పగిలిన కుండలకు వైద్యుడు ఆయనే. ముప్పైరెండేళ్లుగా పెంకులు ఏరి, కడిగి, జిగురుపెట్టి నిలబెడుతున్నాడు కాబట్టి డైరెక్టరు నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ ఆయన అతుకుల మావయ్యే. ఇంట్లో స్టూలు కాలు విరిగి ఏడాదైనా పట్టించుకోని మనిషి, ఎప్పటిదో మూకుడు అంచు దొరక్కపోతే అన్నం మానేస్తాడు. ఏం చేస్తాం, అదో రకం!

ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆలోపు ఒక్క కుండ పూర్తిచేయాలని ఆయన పట్టు. పందొమ్మిది పెంకులు అతికాయి, భుజం దగ్గర ఒక్కటి లేదు. దానికోసం పదకొండేళ్లుగా గోదాములో పెట్టెలన్నీ బోర్లించాడు.

అప్పుడే స్కానర్ పిల్ల ఉద్యోగంలో చేరింది. పెంకును తిరిగే పళ్లెం మీద పెడుతుంది, యంత్రం దానిమీద వెలుగు చారలు వేసి చుట్టూతా కొలుస్తుంది, తెరమీద ఆ పెంకు అచ్చుగుద్దినట్టు తేలుతుంది. "జిగురు వాసనే లేదు, ఇదేం అతకడం!" అని మావయ్య మూతి ముడిచాడు గానీ, రెండో రోజుకే కుర్చీ జరుపుకుని ఆమె పక్కన చేరాడు. ఆమెకూ ఆయనంటే ప్రాణం.

కుండలో ఖాళీ ఆకారాన్ని ఆమె అన్ని స్కాన్లతోనూ, అతికిన పాత్రలతో సహా, పోల్చి చూసింది. ఒకచోట ఒక పెంకు సరిపోయింది. ఆ చోటు చూసి ఆమె తెరను మరోసారి పెద్దది చేసింది. ముందు హాల్లో అద్దాల పెట్టెలో ఉన్న పెద్ద కూజా అది. మావయ్య చేసిన మొదటి పని. పెళ్లి ఫొటోకన్నా గొప్పగా చూపించుకుంటాడు.

"యంత్రం పొరబడి ఉంటుంది మావయ్యా. తీసేస్తాను. ఎవరికీ తెలీదు."

ఆయన తెరమీదికి వంగాడు. మిగతా అతుకులు వంకరటింకరగా ఉంటే, ఆ పెంకు ఒక పక్క మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది.

"యంత్రం కాదమ్మా, నేనే. అప్పట్లో మర్నాడే హాలు ప్రారంభం. అది కూర్చోలేదు. ఆకురాయితో రుద్ది కూర్చోబెట్టా." తెరమీద ఆ తిన్నటి అంచును వేలితో చూపించాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను, చూశావా!"

"నెలాఖరుకు వెళ్లిపోతూ ఇప్పుడెందుకు మావయ్యా?"

"వెళ్లిపోతున్నా కాబట్టే. నేను పోయాక దాన్ని ఎవరు విప్పుతారు?"

డైరెక్టరును ఒప్పించి కూజాను దింపించాడు. జిగురు కరిగే మందులో దూది ముంచి, రెండు రోజులు అద్ది అద్ది పెంకును ఊడదీశాడు. కూజాకు చిల్లు మిగిలింది. అటు చూడలేకపోయాడు పాపం. పెంకును కుండలో పెడితే మూడు పక్కలా చక్కగా కూర్చుంది. నాలుగో పక్క, తాను రుద్దిన చోట, గోరుమందం సందు.

ఆమె పూడ్చడానికి సున్నం ముద్ద అందుకుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఇలాగే స్కాన్ చెయ్యి. కింద రాయి. ఈ సందు కాలం చేసింది కాదు, అతుకుల మావయ్య చేసింది."

ఆమె కళ్లు తుడుచుకుంటూ రాసింది. చివర 'గారు' చేర్చబోతే, "తప్పుకు గౌరవం ఎందుకమ్మా" అని తీసేయించాడు.