సిరిసిల్ల జీపు బ్రేకుల ధర

ఎనభైల చివర్లో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా జగిత్యాలకు వేశారు. బండ్లు ఆపి బ్రేకులు చూస్తామని జనం మమ్మల్ని 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అనేవారు. లైసెన్సులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు అందరికీ తెలిసిన పనులే. అంతగా తెలియని పని ఇంకొకటి ఉండేది. ప్రభుత్వ వాహనం మరమ్మతు ఖర్చు ఒక పరిమితి దాటితే, మెకానిక్ రాసిచ్చిన అంచనా మా దగ్గరకు వచ్చేది. ఆ పని అవసరమేనని, ధర సబబేనని మేం సంతకం చేస్తేనే ట్రెజరీలో బిల్లు పాసయ్యేది.

ఒక ఎండాకాలం ఒకే జీపుకు రెండు అంచనాలు వచ్చాయి. జీపు సిరిసిల్లలో అంగన్‌వాడీల ప్రాజెక్టు ఆఫీసరు విమల గారిది. కోరుట్ల కూడా అదనపు బాధ్యతగా ఆమె మీదే ఉండేది. అది అన్నల, అంటే నక్సలైట్ల, కాలం. పొద్దు వాలితే లోపలి ఊళ్లకు బస్సు పోయేది కాదు. జీపు మూలన పడితే బోయినపల్లి వైపు పిల్లలకు తిండిగింజలు ఎట్లా చేరతాయని ఆమె ఆరాటం.

సిరిసిల్ల మెకానిక్ నర్సయ్య లైనింగులు మారిస్తే చాలన్నాడు. లైనింగులంటే చక్రం లోపల డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు. అతని అంచనా వందల్లో ఉంది. కోరుట్ల మెకానిక్ ఖాజా లైనింగులతో పాటు, పెడల్ తొక్కితే ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు కొత్తవి వేయాలన్నాడు. అతనిది వేలల్లో ఉంది. తక్కువదే ఖాయం చేయమని పై ఆఫీసు నుంచి చూచాయగా కబురొచ్చింది. నేను ఇద్దర్నీ, జీపునూ జగిత్యాలకు పిలిపించాను.

నర్సయ్య వాళ్లది సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బతికే కుటుంబం. ఆ చప్పుడు మధ్య పెరిగినవాడు కాబట్టి మెల్లగా మాట్లాడటం అతనికి చేతకాదు.

"గీయిన జీపు బాగుజేస్తడో, కొత్త జీపే కడ్తడో అడుగుండ్రి సారూ!" అన్నాడు, వీధంతా వినపడేట్టు.

ఖాజా నవ్వాడు. "నీ ధరకు జీపు ఆగది భాయ్. గోడకు తగిలితెనే ఆగుతది."

ఆవరణలో మొదటి పరీక్ష చేశాను. పెడల్ గట్టిగా ఉంది. బ్రేక్ ఆయిలు నిండుగా ఉంది. మెల్లగా నడిపితే చక్కగా ఆగింది. నర్సయ్య మొహం వెలిగిపోయింది. అయితే జీపుతో పాటు వచ్చిన విమల గారు వేములవాడ సంగతి ఒకటి చెప్పారు: "యేములాడ కాడ తొక్కితె ఆగలే సార్. మల్ల తొక్కితె ఆగింది."

అటువంటి బండికి బ్రేకులు వేడెక్కేదాకా రోడ్డు మీద నడిపి చూడాలి. కోరుట్ల రోడ్డు పట్టాను. ఆమెకు అక్కడ మీటింగు ఉంది, నా పక్కన కూర్చున్నారు. నన్ను ఒకరి దగ్గర ఒంటరిగా వదలడానికి మరొకరు ఒప్పుకోక మెకానిక్‌లు ఇద్దరూ వెనక ఎక్కారు. వేగం పెంచడం, బ్రేకు తొక్కడం, మళ్లీ పెంచడం. ఆగిన ప్రతిసారీ వెనక నుంచి నర్సయ్య గొంతు: "ఆగిందా లేదా సారూ?"

ఒకచోట రోడ్డు దిగుడుగా ఉంది. కింద కల్వర్టు దగ్గర పోలీసుల తనిఖీ. రోడ్డుకు అడ్డంగా పీపాలు, ఇసుక బస్తాలు, తుపాకులు. చెయ్యెత్తితే ఆగని బండిని ఆ రోజుల్లో ఏమనుకునేవారో అందరికీ తెలుసు. కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. బ్రేకు తొక్కాను. పెడల్ నేలదాకా పోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ నేలే.

"ఇప్పుడు ఆగలే సారూ," అన్నాడు నర్సయ్య, చాలా నిజాయితీగా.

గేరు తగ్గించాను. ఇంజను ఊళపెట్టింది. ఖాజా వెనక నుంచి వంగి రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు గుంజాడు. జీపుకు పైకప్పు లేదు, విమల గారు అద్దం చట్రం పట్టుకుని లేచి నిలబడ్డారు. "జరుగుండ్రి! బ్రేకుల్లెవ్వు! కాల్చకుండ్రి!" నర్సయ్య చేతులు రెండూ పైకెత్తి, "మేం మంచోళ్లం! మేం మంచోళ్లం!" అని సిరిసిల్లకు వినపడేట్టు అరుస్తున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు పక్కకు దూకారు. మరో ఇద్దరు తుపాకులు ఎత్తారు. ఎడమ పక్క కోసేసిన పొలంలో పెద్ద గడ్డివాము కనిపించింది. స్టీరింగు తిప్పేశాను. జీపు ఒడ్డు మీద నుంచి గాల్లోకి లేచి, దబ్బున దిగి, రెండు గెంతులు గెంతి గడ్డిలోకి అద్దందాకా దూరి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మొదట వినపడింది విమల గారి తుమ్ము.

ఎస్సై రివాల్వరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఎవల్రా మీరు?" విమల గారు జుట్టులోంచి గడ్డి తీసుకుంటూ తన హోదా చెప్పారు. రివాల్వరు నా వైపు తిరిగింది. పోలీసు అడిగితే హోదా ఉన్నదున్నట్టు చెప్పాలి.

"బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను," అన్నాను.

అతను జీపును చూశాడు. నన్ను చూశాడు. "మల్లొకసారి చెప్పుండ్రి," అన్నాడు. చెప్పాను. అంతే, ఒడ్డు మీద కూలబడి కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. కానిస్టేబుళ్లు తుపాకులు దించి నవ్వారు. మాకూ అంటుకుంది. ఆపుదామన్నా ఆగదు. ఖాజా ఇంకా హ్యాండ్ బ్రేకు వదల్లేదు. వదలమన్నాను. "నమ్మకం లేదు సార్," అన్నాడు. మళ్లీ అందరం మొదలుపెట్టాం.

ఎస్సై టీ తెప్పించి, బండిని అక్కడే విప్పుకోమన్నాడు. మాస్టర్ సిలిండరు లోపల ఆయిలు జారిపోకుండా పట్టి ఉంచే రబ్బరు వాషర్లు నానిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. ఎవరో బ్రేక్ ఆయిలు తగ్గితే ఇంజను ఆయిలు పోశారు. ఆ నూనె తగిలితే రబ్బరు పాడవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది. మెకానిక్‌లు ఇద్దరూ తగాదా మరిచి ఒకే సిలిండరులోకి తలలు దూర్చారు. లోపల గీతలు లేవు, అంటే సిలిండరు బాగానే ఉంది. కొత్త సిలిండర్లు ఎందుకు రాశావని ఖాజాను అడిగాను. రబ్బర్ల కిట్ సరిపోతుందని, పని తిరిగి రాకూడదని మొత్తం రాశానని ఒప్పుకున్నాడు. నర్సయ్య తనంతట తానే చెప్పాడు: "నేను ఒక్క చక్రమే ఇప్పి చూసిన సారూ."

లైనింగులు, అన్ని రబ్బర్లు, గొట్టాలు, కొత్త ఆయిలు, ఇద్దరి కూలీ కలిపి ధర ఖాయం చేశాను. నర్సయ్య చెప్పినదానికి రెండింతలు దాటింది, ఖాజా చెప్పినదానిలో సగం కూడా కాలేదు. జీపును లారీకి కట్టి కోరుట్లకు లాగించాం. ఖాజా షెడ్డులో ఇద్దరూ కలిసి పనిచేశారు. విమల గారు బస్సెక్కి మీటింగుకు పోయారు. తక్కువ ధర ఎందుకు తోసిపుచ్చారని పై ఆఫీసు అడిగితే, ఉబ్బిన రబ్బర్లను కవరులో పెట్టి పంపాను. మళ్లీ అడగలేదు.

బండికి ఏం కావాలో తేలకముందు ధర ఎక్కువో తక్కువో చెప్పడం కుదరదని నాకు ఆ రోజు తెలిసింది. రిటైరయ్యేదాకా ఏ అంచనా వచ్చినా మెకానిక్‌ను ముందు ఏమేం విప్పి చూశావని అడిగేవాణ్ని. ఎంత అనేది ఆ తర్వాత అడిగేవాణ్ని.